పద్దెనిమిదో స్థానం కోసం

2022 జూలై 14. టూర్ డి ఫ్రాన్స్‌లో ఆ రోజు పందెం ఆల్ప్ దుయెజ్ కొండ మీద ముగిసింది. మూడో స్థానంలో గీత దాటినవాడు క్రిస్ ఫ్రూమ్. టూర్‌ను నాలుగుసార్లు గెలిచిన రైడర్. 2019 జూన్‌లో గోడను గుద్దుకుని తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగి, మళ్లీ సైకిలెక్కడమే గొప్ప అనుకున్న స్థితి నుంచి లేచి వచ్చాడు. మూడేళ్ల తర్వాత అంత పెద్ద కొండ మీద, అంత ముందు వరుసలో అతను కనిపించడం సైక్లింగ్‌ను ప్రేమించేవాళ్లకు ఆ ఏడాది దక్కిన పెద్ద సంతోషాల్లో ఒకటి. ఆ మూడో స్థానానికి అతని జట్టు ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ ఖాతాలో పడినవి 25 పాయింట్లు.

పదకొండు రోజుల తర్వాత స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, ఆర్దీసియా అనే చిన్న పట్టణంలో ఒక్కరోజు పందెం జరిగింది. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోని పందెం అది. గెలిచినవాడు మాత్రం చిన్నవాడు కాదు. 2018లో స్పెయిన్ మహాపందెం వుయెల్తాను గెలిచిన సైమన్ యేట్స్. 2022 మే నెలలో ఇటలీ మహాపందెం జిరోలో రెండు రోజుల పందేలు గెలిచాడు. ఆ రెండింటికీ తలా 100 పాయింట్లు వచ్చాయి. ఆర్దీసియాలో గెలిచినందుకు వచ్చినవి 125.

ఆ ఏడాది చివర యేట్స్ జట్టు బైక్‌ఎక్స్చేంజ్-జేకో పై శ్రేణిలో నిలిచింది. ఫ్రూమ్ జట్టు కిందికి పడిపోయింది. ఈ రెండు రోజుల వల్లే అలా జరిగిందని కాదు. కానీ పట్టిక అడుగున ఉన్న జట్లు 2020 నుంచి 2022 దాకా మూడేళ్లు ఏ లెక్కతో బతికాయో ఈ రెండు రోజులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇలా కిందికి పడిపోవడాన్ని రెలిగేషన్ అంటారు. ఐపీఎల్‌కు అలవాటు పడ్డవాళ్లకు ఇది కొత్తగా తోచవచ్చు. అక్కడ ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే మైదానంలో, అదే ప్రత్యర్థులతో మళ్లీ మొదలుపెడుతుంది. రంజీ ట్రోఫీ చూసేవాళ్లకు మాత్రం ఈ దెబ్బ తెలుసు. 2022-23లో హైదరాబాద్ తన ఎలైట్ గ్రూపులో అట్టడుగున నిలిచి ప్లేట్ గ్రూపుకు పడిపోయింది. తర్వాతి సీజన్‌లో నాగాలాండ్, సిక్కిం, మిజోరం, అరుణాచల్ ప్రదేశ్ లాంటి జట్లతో ఆడింది. తిలక్ వర్మ నాయకత్వంలో ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఓడించి మళ్లీ పైకి వచ్చింది. ఆ సీజన్‌లోనే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో 300 పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అదే అత్యంత వేగవంతమైన ట్రిపుల్ సెంచరీ. అయినా అది ఏ స్థాయి బౌలింగ్ మీద వచ్చిందన్న ప్రశ్న దాన్ని వదల్లేదు. ఎవరి మీద సాధించామన్నది లెక్కలోకి రావాలా, ఎంత సాధించామన్నదే చాలా? సైక్లింగ్ రెలిగేషన్ గొడవంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్‌ను నడిపేది యూసీఐ. ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్ పట్టణంలో ఉంది. పురుషుల సైక్లింగ్‌లో అన్నిటికంటే పై శ్రేణి పేరు వరల్డ్ టూర్. అందులో 18 జట్లకు చోటు. దాని కింద ప్రో టీమ్ శ్రేణి. 2018 చివర్లో యూసీఐ కొత్త పద్ధతి ప్రకటించింది. 2020, 2021, 2022 మూడేళ్లలో సంపాదించిన పాయింట్లు కలిపి వరస కడతారు, తర్వాతి మూడేళ్ల లైసెన్సులు మొదటి 18 జట్లకు ఇస్తారు. డబ్బు, పరిపాలన, నైతికత లాంటి షరతులూ ఉన్నాయి. కానీ అసలు తలుపు పాయింట్లదే. అంతకుముందు డబ్బూ పలుకుబడీ ఉన్న జట్టుకు పెద్దగా భయం ఉండేది కాదు. ఇప్పుడు పందొమ్మిదో స్థానానికి ఒక అర్థం వచ్చింది.

ఆ అర్థం ఎంత బరువైనదో తెలియాలంటే సైక్లింగ్ జట్టుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఫుట్‌బాల్ క్లబ్బుకు స్టేడియం ఉంటుంది, టికెట్లు అమ్ముడవుతాయి, టీవీ డబ్బులో వాటా వస్తుంది. సైక్లింగ్ పందెం ఊళ్ల మీదుగా, పొలాల పక్కనుంచి పోతుంది. చూడటానికి ఎవరూ డబ్బు కట్టరు. టీవీ హక్కులు పందెం నిర్వాహకులవి. టూర్ డి ఫ్రాన్స్ హక్కులు ఏఎస్ఓ అనే ఫ్రెంచ్ సంస్థ చేతిలో ఉన్నాయి. జట్టుకు మిగిలేది స్పాన్సరు ఒక్కడే. జట్టు పేరే స్పాన్సరు పేరు. ఆ స్పాన్సరు డబ్బు పెట్టేది ముఖ్యంగా జూలైలో మూడు వారాలు తన పేరు టీవీలో కనబడాలని. వరల్డ్ టూర్ జట్టుకు టూర్‌లో చోటు హక్కుగా వస్తుంది. కిందికి పడిన జట్టు ఆ ఏడాది ప్రో టీమ్‌లలో ముందు వరుసలో లేకపోతే నిర్వాహకుల ఆహ్వానం కోసం ఎదురుచూడాలి. వస్తుందో రాదో తెలియని ఆహ్వానాన్ని చూపించి స్పాన్సరును ఒప్పించడం కష్టం. అందుకే ఇక్కడ రెలిగేషన్ పరువుకు తగిలే దెబ్బతో ఆగదు. ముప్పై మంది రైడర్లు, మెకానిక్కులు, మసాజ్ చేసేవాళ్లు, బస్సు డ్రైవర్ల జీతాల దాకా వెళ్తుంది.

ఇప్పుడు పాయింట్ల పట్టికకు వద్దాం. నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది.

2020-22 పట్టికలో టూర్ మొత్తం గెలిస్తే 1000 పాయింట్లు. అది సరే. కానీ టూర్‌లో ఒక రోజు పందెం, అంటే స్టేజ్, గెలిస్తే 120. రెండో స్థానానికి 50, మూడో స్థానానికి 25, నాలుగుకు 15, ఐదుకు 5. ఆ కింద ఏమీ లేదు. మరోవైపు యూరప్ అంతటా ఏడాది పొడవునా జరిగే చిన్న ఒక్కరోజు పందేలున్నాయి. యూసీఐ లెక్కలో వీటిది 1.1 తరగతి. వీటిలో గెలిస్తే 125. రెండో స్థానానికే 85. ఆపైన పదో స్థానం దాటి కూడా ఎంతో కొంత వస్తుంది.

అంటే ప్రపంచంలోని మేటి రైడర్లు 176 మంది బరిలో ఉండగా, కోట్లమంది చూస్తుండగా టూర్‌లో స్టేజ్ గెలవడం కంటే, మంగళవారం మధ్యాహ్నం బెల్జియంలో ఒక ఊరి చుట్టూ తిరిగే పందెం గెలవడానికి ఐదు పాయింట్లు ఎక్కువ. పట్టిక రాసినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. చిన్న పందేలు బతకాలి, అక్కడికీ మంచి జట్లు రావాలి, ఏడాది పొడవునా నిలకడగా ఆడేవాడికి ప్రతిఫలం దక్కాలి. మంచి కోరికలే. కానీ అంకెలు ఒకసారి కాగితం మీద పడ్డాక ఉద్దేశాల మాట వినవు. ఎక్కడ తక్కువ శ్రమకు ఎక్కువ పాయింట్లు వస్తాయో జట్లు అక్కడికి పోతాయి.

ఈ సంగతి యూసీఐ కంటే ముందే తెలిసినవాళ్లు కొందరున్నారు. వాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని సైక్లింగ్ జట్లు నడిపేవాళ్లు. ఫ్రాన్స్‌కు చెందిన సయనైడ్ స్టూడియో 2001లో సైక్లింగ్ మేనేజర్ అనే ఆట తెచ్చింది. తర్వాత అది ప్రో సైక్లింగ్ మేనేజర్ పేరుతో ఏటా కొత్త కూర్పుగా వస్తోంది. ఇందులో మనం సైకిల్ తొక్కం, జట్టు నడుపుతాం. ప్రతి రైడరుకూ కొండ ఎక్కడంలో ఎంత, చదును రోడ్డు మీద ఎంత, స్ప్రింట్‌లో ఎంత, రాళ్లు పరిచిన దారిలో ఎంత, మర్నాటికి కోలుకోవడంలో ఎంత అని అంకెలుంటాయి. ఎవరిని కొనాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి, ఎవరిని ఏ పందేనికి పంపాలి అన్నది మన నిర్ణయం. ఇలాంటి ఆటల చుట్టూ ఆన్‌లైన్ లీగ్‌లు పుట్టాయి. ఒక్కొక్కరు ఒక్కో జట్టు తీసుకుని, పై శ్రేణి కింది శ్రేణి ఏర్పాటు చేసుకుని, సీజన్ చివర అడుగున ఉన్నవాళ్లను కిందికి దించుతూ ఏళ్ల తరబడి ఆడతారు.

అలాంటి లీగ్‌లో పైన గెలుపు కోసం జరిగే పోటీ కంటే అడుగున జరిగే పోరు ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. పైన డబ్బున్న జట్టు మంచి రైడర్లను కొంటుంది, గెలుస్తుంది. అడుగున ఉన్నవాడికి బుర్ర తప్ప ఇంకేమీ లేదు. అతను మొదట నేర్చుకునేది జీతానికి ఎన్ని పాయింట్లు వస్తాయన్న లెక్క. టూర్ గెలిచే రైడరు బడ్జెట్‌లో సగం తినేస్తాడు. చిన్న గుట్టలున్న పందేల్లో ఎప్పుడూ ఐదుకూ తొమ్మిదికీ మధ్య వచ్చే రైడరు చవకగా దొరుకుతాడు. అలాంటి నలుగురు ఒక మహావీరుడి కంటే ఎక్కువ కూడబెడతారు. రెండోది, పెద్ద జట్లు ఎక్కడికి పోతున్నాయో చూసి అక్కడికి పోకపోవడం. ఒకే వారంలో రెండు పందేలుంటే బలవంతులంతా ఒకదానికి పోతారు. రెండోది ఖాళీగా ఉంటుంది.

మూడోది సీజన్ చివర్లో తెలుస్తుంది. అడుగున ఉన్నవాడి ప్రత్యర్థి పందెం గెలిచే జట్టు కాదు. పట్టికలో తనకు ఒక మెట్టు పైన, ఒక మెట్టు కింద ఉన్న జట్లే. పందెంలో ముందు ఎవడు పోయాడన్నది అతనికి పట్టదు. పక్క జట్టువాడు పద్నాలుగో స్థానంలో ఉంటే తనవాడు పదకొండులో ఉన్నాడా అన్నదే కావాలి. చూసేవాళ్ల కళ్లన్నీ ముందు వరుస మీద ఉన్నప్పుడు, జట్టు బతుకు తేల్చే పోటీ గుంపు మధ్యలో, కెమెరా చూడనిచోట జరుగుతుంటుంది. దాన్ని చదవడం అలవాటైతే చప్పగా కనిపించే పందెంలో కూడా ఉత్కంఠ దొరుకుతుంది. ఈ ఆటలు ఆడేవాళ్లు నిద్ర మానుకుని మరీ పట్టికలు చూసేది అందుకే.

ఆటలో ఇదంతా తెలివితేటలు. రైడరంటే అక్కడ వరసగా పేర్చిన అంకెలు. శుక్రవారం పోర్చుగల్, ఆదివారం బెల్జియం పంపినా అతనికి ఇంట్లో పిల్లలు గుర్తుకురారు. 2022లో జరిగింది ఏమిటంటే, నిజమైన జట్ల మేనేజర్లు సరిగ్గా ఈ మూడు పాఠాలే నేర్చుకుని నిజమైన మనుషుల మీద అమలు చేశారు.

ఆ వేసవిలో ప్రమాదం అంచున ఉన్న జట్లు ఒకటి రెండు కాదు. మోవిస్టార్, ఈఎఫ్, కోఫిడిస్, బైక్‌ఎక్స్చేంజ్-జేకో, లొట్టో సూడాల్, ఇజ్రాయెల్ అన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ బతికాయి. మోవిస్టార్ సంగతి వినగానే చాలామంది నమ్మలేదు. 1980లో రేనోల్డ్స్ పేరుతో పుట్టిన జట్టు అది. 1988లో పెడ్రో దెల్గాడో, తర్వాత 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు మిగేల్ ఇందురైన్ టూర్ గెలిచింది ఆ జట్టు రంగుల్లోనే. అలాంటి జట్టు ఒక్క పట్టిక వల్ల కింది మెట్టుకు చేరే పరిస్థితి వచ్చింది. దాన్ని కాపాడినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఎన్రిక్ మాస్‌ను. టూర్‌లో కొండ దిగడానికి భయపడుతున్నాడని విమర్శలు మోసిన రైడరు. వుయెల్తాలో రెండో స్థానం, అక్టోబరు మొదటి రోజు జిరో డెల్ ఎమీలియా అనే ఒక్కరోజు పందెంలో మేటి రైడరు తడే పొగాచర్‌ను వెనక్కి నెట్టి గెలుపు, వారం తర్వాత ఇల్ లొంబార్డియాలో మళ్లీ రెండో స్థానం. అదే లొంబార్డియాలో ఆఖరి పెద్ద పందెం ఆడిన అలెహాంద్రో వాల్వెర్దే 42 ఏళ్ల వయసులో ఆరో స్థానంలో వచ్చాడు. వీడ్కోలు పందెంలో కూడా జట్టు కోసం పాయింట్లు ఏరుకోవాల్సి వచ్చింది.

అక్టోబరు నడిమికి వచ్చేసరికి యూరప్‌లో పందేలు దాదాపు అయిపోయాయి. ఇంకా పాయింట్లు మిగిలినవి ఆసియాలో. మలేషియాలో జరిగే టూర్ డి లంకావిని మోవిస్టార్ రైడరు ఇవాన్ సోసా గెలిచాడు. జపాన్ కప్‌లో ఈఎఫ్ జట్టు మొదటి రెండు స్థానాలూ తీసుకుంది, నీల్సన్ పౌలెస్, ఆండ్రియా పిక్కొలో. యూరప్‌కు దూరంగా ఉన్న ఊళ్ల జనానికి పెద్ద జట్ల రైడర్లు కళ్లముందు కనిపించారు. ఈ పద్ధతిలో మంచి ఏదైనా ఉందంటే అది ఇదే. నేను దాన్ని తక్కువ చేయను.

అయితే ఈ కథలో నాకు ఎక్కువ గుర్తుండేది లొట్టో. 1985 నుంచి బెల్జియం జాతీయ లాటరీ డబ్బుతో నడుస్తున్న జట్టు. దాని పెద్ద స్ప్రింటర్ కేలెబ్ యూవన్‌కు ఆ ఏడాది కలిసిరాలేదు. జట్టు బరువంతా అర్నో డె లీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడి మీద పడింది. బెల్జియం అడవి ప్రాంతంలో లెషెరె అనే ఊళ్లో పాడి పశువుల మధ్య పెరిగాడు. అభిమానులు అతన్ని లెషెరె ఎద్దు అంటారు. ప్రొఫెషనల్‌గా అదే మొదటి ఏడాది. తొమ్మిది పందేలు గెలిచాడు. జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు అతనివే. ఆ పందేల్లో చాలావరకు చిన్నవి. అతన్ని టూర్‌కు పంపలేదు. కుర్రాడిని తొందరపెట్టకూడదన్నది ఒక కారణం అయితే, పాయింట్లు అతనికి ఇంటి దగ్గరే ఎక్కువ దొరుకుతాయన్నది కూడా నిజమే. అంత చేసినా లొట్టో గట్టెక్కలేదు. మూడేళ్ల లెక్కలో ఒక మంచి ఏడాది, వెనకటి రెండేళ్ల లోటును పూడ్చలేకపోయింది.

ఇజ్రాయెల్ జట్టుకు జరిగింది ఇంకో రకం. ఆ జూలైలో టూర్‌లో రెండు స్టేజ్‌లు గెలిచింది. రాళ్ల దారి మీద సైమన్ క్లార్క్, ఫ్వా పట్టణంలో హ్యూగో ఊల్. ఊల్ తమ్ముణ్ని 2012లో తాగి నడిపినవాడి కారు బలితీసుకుంది. టూర్‌లో ఒక గెలుపు అతనికి అంకితమిస్తానన్న మాట పదేళ్ల తర్వాత నిలబెట్టుకుంటూ ఆకాశం వైపు వేలు చూపించి గీత దాటాడు. కెనడా రైడరు టూర్ స్టేజ్ గెలవడం 1988 తర్వాత అదే మొదలు. ఈ రెండు గెలుపులూ కలిపి 240 పాయింట్లు. 1.1 తరగతి పందేలు రెండు గెలిస్తే 250. జట్టు యజమాని సిల్వాన్ ఆడమ్స్ ఈ పద్ధతి మీద బహిరంగంగా మండిపడ్డాడు. కోవిడ్ దెబ్బ తిన్న మూడేళ్లను మామూలు మూడేళ్లలా లెక్కించడం అన్యాయమన్నాడు. 2020లో పందేలు నెలల తరబడి ఆగిపోయాయి, పెద్ద ఒక్కరోజు పందెం పారి-రూబె అసలు జరగలేదు, టూర్ ఆగస్టు చివరికి వాయిదా పడింది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ నష్టపోయింది అన్ని జట్లూ, నియమం అందరికీ ముందే తెలుసు అన్నది యూసీఐ వైపు వాదన. చివరికి లొట్టో, ఇజ్రాయెల్ కిందికి పడ్డాయి. కింది శ్రేణి నుంచి ఆల్పెసిన్, ఆర్కేయా పైకి వచ్చాయి. ఆర్కేయా అయితే తన పెద్ద రైడరు నైరో కింతానాకు టూర్‌లో వచ్చిన ఆరో స్థానాన్ని కూడా పోగొట్టుకుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడినట్టు తేలడంతో ఆగస్టులో యూసీఐ ఆ ఫలితం రద్దు చేసింది. అయినా పైకి వచ్చింది.

ఈ లెక్కలో ఎక్కడా కనిపించని మనిషి ఒకడున్నాడు. సైక్లింగ్ ఒంటరి ఆటలా కనిపించే జట్టు ఆట. నాయకుడి ముందు నూటయాభై కిలోమీటర్లు గాలిని చీల్చుకుంటూ తొక్కేవాడు, వెనక కారు దగ్గరకు వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చేవాడు, నాయకుడి చక్రం పాడైతే తన చక్రం తీసి ఇచ్చేవాడు. కొండ మొదట్లోకి వచ్చేసరికి అతని పని అయిపోతుంది. నెమ్మదిగా వెనక్కి జారి, ఇరవై నిమిషాల తర్వాత గీత దాటుతాడు. అతనికి వచ్చేది సున్నా. ఆ మూడేళ్ల నియమం ప్రకారం జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదిమంది లెక్కే చూస్తారు. ముప్పై మందిలో ఇరవై మంది ఎంత తొక్కినా జట్టు పట్టికలో ఏమీ పడదు. కాంట్రాక్టు కోసం కూర్చున్నప్పుడు మేనేజరు ముందు అంకెలు పెట్టలేని మనిషి అతను. అందుకే ఆ రోజుల్లో పందేల చివర కొత్త దృశ్యం కనిపించింది. ఒకరి కోసం ఒకరు తొక్కాల్సిన ఒకే జట్టు రైడర్లు, ఇద్దరు ముగ్గురు, ఎవరికి వారే స్ప్రింట్ చేసి ఆరు, తొమ్మిది, పన్నెండు స్థానాలు తెచ్చుకున్నారు. పాయింట్ల పరంగా అది సరైన లెక్క. ఒకరిని గెలిపించడానికి ఇద్దరు తమను తాము ఖర్చు చేసుకునే అందం మాత్రం అందులో లేదు.

యూసీఐ విమర్శలు విన్నది. 2023 నుంచి పట్టిక మార్చింది. టూర్ గెలిస్తే 1300, టూర్ స్టేజ్ గెలిస్తే 210, జిరో, వుయెల్తా స్టేజ్‌లకు 180. పారి-రూబె లాంటి ఐదు మహా ఒక్కరోజు పందేలకు 500 నుంచి 800. పదిమందికి బదులు ఇరవైమంది పాయింట్లు లెక్కిస్తామంది. ఇది నిజమైన మెరుగుదల. చిన్న పందేల విలువ మాత్రం పెద్దగా తగ్గించలేదు. అందుకే పాత విద్య పూర్తిగా పాతబడలేదు.

దానికి రుజువు కజకిస్తాన్ జట్టు అస్తానా. 2024 జూలై 3న ఈ జట్టు రైడరు మార్క్ కావెండిష్ టూర్‌లో తన 35వ స్టేజ్ గెలిచి ఎడీ మెర్క్స్ 34 గెలుపుల రికార్డును దాటాడు. ఆ గెలుపు కోసం అస్తానా ఏడాదిన్నరగా జట్టును అతని చుట్టూ కట్టింది. సైక్లింగ్ ఉన్నంతకాలం చెప్పుకునే రోజు అది. వచ్చినవి 210 పాయింట్లు. ఆ ఏడాది చివర అస్తానా మూడేళ్ల పట్టికలో గట్టు మీదున్న జట్టుకు వేల పాయింట్ల దూరంలో ఉంది. బయటపడుతుందని ఎవరూ అనుకోలేదు. అప్పుడు చైనా సైకిళ్ల సంస్థ ఎక్స్‌డీఎస్ డబ్బుతో వచ్చింది. మేనేజరు వినొకురోవ్ లాభమొచ్చే రైడర్లను ఏరి తెచ్చాడు. 2025 ఫిబ్రవరి నుంచే జట్టు చిన్న పందేల మీద పడింది. మే నెలలో జిరో కొండల్లో క్రిస్టియన్ స్కరోని, లొరెంజో ఫోర్తునా కలిసి మొదటి రెండు స్థానాల్లో గీత దాటారు. వేసవి ముగిసేసరికి లోటు పూడిపోయింది. కంప్యూటర్ ఆటలో ఎవరైనా ఇలా గట్టెక్కితే మిగతా ఆటగాళ్లు లేచి చప్పట్లు కొడతారు. నేనూ కొట్టాను. పద్ధతి మీద ఎన్ని అభ్యంతరాలున్నా, కుప్పకూలిన జట్టు ఒక్క సీజన్‌లో అంత దూరం ఈదుకు రావడం చూసినప్పుడు రెలిగేషన్ లేకపోతే ఈ ఆట ఎంత నష్టపోయేదో తెలిసింది.

అదే ఏడాది పిక్నిక్ పోస్ట్‌ఎన్ఎల్ జట్టు కూడా అంచు మీదే ఉంది. టూర్‌లో 22 ఏళ్ల స్కాట్లాండ్ కుర్రాడు ఆస్కార్ ఆన్లీ నాలుగో స్థానంలో నిలవడం దానికి ప్రాణం పోసింది. కొత్త పట్టికలో పెద్ద పందేలకు పెరిగిన విలువ ఇక్కడ పనిచేసింది. మరోవైపు కోఫిడిస్ కిందికి పడింది. ఆర్కేయా సంగతి ఇంకా బాధాకరం. కెవిన్ వోక్లాన్ టూర్‌లో ఏడో స్థానం తెచ్చినా స్పాన్సర్లు తప్పుకున్నారు, ఇంకొకరు దొరకలేదు, 2025తో జట్టే మూతపడింది. మూడేళ్ల కింద దించేసిన లొట్టో, ఇజ్రాయెల్ జట్లు మళ్లీ పైకి వచ్చాయి. లొట్టో ఇంటర్‌మార్షేతో కలిసిపోయి, ఇజ్రాయెల్ జట్టు ఎన్ఎస్ఎన్ అనే కొత్త పేరుతో. నార్వే జట్టు ఊనో-ఎక్స్ మొదటిసారి వరల్డ్ టూర్‌లో అడుగుపెట్టింది.

లొట్టో ఎలా తిరిగి వచ్చిందో గమనించాలి. కింది శ్రేణికి వెళ్లినా ఆ ఏడాది ప్రో టీమ్‌లలో ముందు వరుసలో ఉండటం వల్ల 2023లో పెద్ద పందేలన్నిటికీ ఆహ్వానం హక్కుగా దక్కింది. పై జట్లకు ఉన్నట్టు అన్నిచోట్లకూ పోవాలన్న కట్టుబాటు మాత్రం లేదు. జిరోకు రాలేమని చెప్పి, తమకు నప్పే పందేలకే వెళ్లింది. పడిపోయిన జట్టుకు ఊపిరాడింది, లాటరీ డబ్బు ఆగలేదు, డె లీ జట్టును వదల్లేదు. ఆర్కేయాకు అలాంటి ఆధారం ఏదీ లేదు.

తేడా ఇక్కడే ఉంది. యూసీఐ ఇక మార్చాల్సింది పాయింట్ల కంటే ముందు దీన్నే అని నా అభిప్రాయం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిన క్లబ్బుకు తర్వాతి రెండు మూడేళ్లు లీగ్ డబ్బులో కొంత వాటా ఇస్తారు, ఆటగాళ్ల జీతాలు రాత్రికి రాత్రి ఆగిపోకుండా. సైక్లింగ్‌లో పంచడానికి లీగ్ డబ్బే లేదు. టూర్ నిర్వాహకులు టీవీ ఆదాయంలో జట్లకు వాటా ఇవ్వాలన్న వాదన ఏళ్లుగా నలుగుతోంది, ముందుకు కదలడం లేదు. డబ్బు ఇవ్వలేకపోతే చోటైనా ఇవ్వవచ్చు. కిందికి పడిన ప్రతి జట్టుకూ, దాని స్థానం ఏదైనా, ఒక్క ఏడాది టూర్‌లో చోటు ఖాయం చేయాలి. స్పాన్సరును ఒప్పించుకోవడానికో, కొత్తవాణ్ని వెతుక్కోవడానికో పన్నెండు నెలలు దొరుకుతాయి. దీనివల్ల నష్టపోయేది ఒకటి రెండు ఆహ్వాన చోట్లు మాత్రమే. 2026తో మూడేళ్ల కొత్త లెక్క మొదలైంది. 2028 చివర ఎవరో ఒకరు మళ్లీ పడతారు. ఈ నియమం రాయడానికి అప్పటిదాకా సమయం ఉంది.